పొద్దున్నే మొరాయించే పాత బండి: మీ ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావాటిది ఒకటే గోల. పొద్దున సెల్ఫ్ కొడితే బండి స్టార్ట్ అవుతుంది గానీ వణుకుతుంది, యాక్సిలరేటర్ తొక్కితే ఒక్క క్షణం ఊపిరాడనట్టు ఆగి ఆ తర్వాత అందుకుంటుంది, కాసేపు నడిచాక ఏమీ జరగనట్టు మామూలైపోతుంది. అన్నీ పాత బళ్లే. అందుకే ఈ నెల వేరే టాపిక్స్ పక్కన పెట్టి దీని మీదే కూర్చుందాం. ఒకేలా ఉన్న ప్రశ్నలు కలిపేశాం, పెద్దవాటిని కాస్త కుదించాం.

ప్రశ్న: సార్, నాది పాత పెట్రోల్ కారు, ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కి ఒక్కో ఇంజెక్టర్ పెట్రోల్ కొట్టే రకం), నాలుగు సిలిండర్లు. పొద్దున స్టార్ట్ చేయగానే ఆర్‌పీఎం 600కీ 1100కీ మధ్య పైకీ కిందకీ ఆడుతుంది, గేర్ వేసి కదిలిస్తే జర్క్ కొట్టి ఒక్కోసారి ఆగిపోతుంది కూడా. వేడెక్కాక సూపర్‌గా ఉంటుంది. ప్లగ్గులు మార్చారు, ఫ్యూయల్ ఫిల్టర్ మార్చారు, ఇంజెక్టర్లు క్లీన్ చేశారు, ఇప్పుడు ఫ్యూయల్ పంప్ మార్చాలంటున్నారు. చెక్ ఇంజిన్ లైట్ వెలగట్లేదు. మార్పించమంటారా?

జవాబు: ఇప్పుడే వద్దండి. పంప్ వీక్ అయితే అది ఎక్కువగా బయటపడేది ఎత్తు ఎక్కేటప్పుడు, స్పీడ్‌లో ఫుల్‌గా తొక్కినప్పుడు, అంటే పెట్రోల్ ఎక్కువ కావాల్సినప్పుడు. వేడెక్కాక మీ బండి బాగా లాగుతోందంటే పంప్ మీద అనుమానం చివర్లో రావాలి. అంతగా అనుమానం ఉంటే లైన్‌లో ప్రెషర్ గేజ్ పెట్టి చూడమనండి, ఈ తరం ఇంజిన్లలో చాలావాటికి 2.5 నుంచి 3.5 బార్ మధ్య ఉండాలి, మీ మోడల్‌కి కచ్చితమైన అంకె సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. గేజ్ పెట్టకుండా పంప్ మార్చడం అంటే మీ డబ్బుతో లాటరీ ఆడటమే, ఇలా వరుసగా పార్టులు మార్చుకుంటూ పోయిన ఉత్తరాలు చదువుతుంటే నిజంగా బాధేస్తుంది.

అసలు చల్లగా ఉన్నప్పుడే ఎందుకు అన్నది అర్థమైతే సగం పని అయిపోయినట్టే. పెట్రోల్ ద్రవంగా ఉంటే మండదు, ఆవిరైతేనే మండుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు ఇంజెక్టర్ కొట్టిన పెట్రోల్‌లో కొంత వాల్వు వెనకా పోర్టు గోడలకీ తడిగా అంటుకుపోతుంది, సిలిండర్‌లోకి ఆవిరిగా చేరేది తక్కువ. వేడి ఇంజిన్‌లో 14.7 కిలోల గాలికి 1 కిలో పెట్రోల్ సరిపోతే, చల్లటి ఇంజిన్‌కి అంతకంటే చాలా ఎక్కువ కొట్టాలి. ఎంత ఎక్కువ అన్నది ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపే చిన్న కంప్యూటర్, నిర్ణయిస్తుంది, దానికి ఆధారం ముఖ్యంగా కూలెంట్ టెంపరేచర్ సెన్సార్. ఇంకోవైపు సైలెన్సర్ లైన్‌లో ఉండే ఆక్సిజన్ సెన్సార్ సుమారు 300 డిగ్రీలు వేడెక్కితే గానీ పని మొదలుపెట్టదు, అప్పటిదాకా ఈసీయూకి తను కొట్టిన పెట్రోల్ ఎక్కువైందా తక్కువైందా చెప్పేవాళ్లు లేరు, మెమరీలో ఉన్న లెక్కల ప్రకారం కొట్టుకుంటూ పోతుంది. సెన్సార్ మేల్కొన్నాక చిన్న చిన్న తేడాలు సరిచేసేస్తుంది. అంటే మీ బండిలో లోపం పొద్దంతా ఉంటుంది, వేడెక్కాక ఈసీయూ దాన్ని కప్పేస్తోంది అంతే.

కాబట్టి మొదట చూడాల్సింది ఆ టెంపరేచర్ సెన్సార్. పాత బళ్లలో చాలావాటికి రెండు ఉంటాయి, ఒకటి డ్యాష్‌బోర్డు మీటర్ కోసం, ఇంకోటి ఈసీయూ కోసం, కాబట్టి మీటర్ ముల్లు కరెక్ట్‌గా చూపిస్తోంది కదా అని సెన్సార్ బాగుందనుకోకండి. రాత్రంతా బండి ఆగి ఉన్నాక, పొద్దున స్టార్ట్ చేయకముందే తాళం ఆన్ చేసి స్కానర్‌లో (ఈసీయూ లెక్కలు చదివి చూపించే పరికరం) కూలెంట్ టెంపరేచర్, లోపలికొచ్చే గాలి టెంపరేచర్ రెండూ చూడండి. రెండూ దాదాపు ఒకటే ఉండాలి. గాలి 20 డిగ్రీలు చూపిస్తూ కూలెంట్ 55 చూపిస్తోందంటే ఈసీయూ తన ఇంజిన్ అప్పటికే సగం వేడెక్కిందనుకుంటోంది, ఆ లెక్కన పెట్రోల్ తక్కువ కొడుతోంది, మీరు తొక్కగానే బండి గుటకలు మింగేది అందుకే. స్కానర్ లేకపోతే మల్టీమీటర్‌తో ఓమ్స్ చూడొచ్చు, ఎక్కువగా వాడే రకం సెన్సార్లలో 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్స్, 80 డిగ్రీల దగ్గర 300 చిల్లర ఉంటుంది, వేడి పెరిగేకొద్దీ ఓమ్స్ తగ్గాలి. సెన్సార్ మార్చే ముందు కనెక్టర్ ఊడదీసి లోపల పిన్నుల మీద ఆకుపచ్చ తుప్పు ఉందేమో చూడండి, చాలాసార్లు దోషం అక్కడే ఉంటుంది.

రెండోది గాలి లీక్, మీ బండి విషయంలో నాకు ఎక్కువ అనుమానం దీని మీదే. ఎందుకంటే మీరే రాశారు, గేర్ వేసి కదిలించినప్పుడు జర్క్ కొట్టి ఆగిపోతోందని. ఎయిర్ ఫిల్టర్ డబ్బా నుంచి థ్రోటల్ బాడీకి (యాక్సిలరేటర్ తొక్కితే తెరుచుకుని ఇంజిన్‌కి గాలి వదిలే భాగం) వెళ్లే లావుపాటి రబ్బరు గొట్టం ఉంటుంది కదా, మడతలు మడతలుగా, ఆ మడతల మధ్య లోయల్లో పగుళ్లొస్తాయి. పైనుంచి చూస్తే ఏమీ కనపడదు. చేతితో గొట్టాన్ని పక్కకి వంచి, కింద వైపు టార్చ్ వేసి చూస్తే అప్పుడు నోరు తెరుచుకుంటుంది. బండి నిలబడి ఉన్నప్పుడు మూసుకుని ఉండే ఈ పగులు, క్లచ్ వదలగానే ఇంజిన్ మౌంటింగుల మీద ఒరుగుతుంది కదా, ఆ ఒరుగుడుకి తెరుచుకుంటుంది. ఎయిర్‌ఫ్లో సెన్సార్ ఆ గొట్టానికి ముందుంది కాబట్టి పగులులోంచి వచ్చిన గాలి లెక్కలోకి రాదు, మిక్స్చర్ లీన్ అయిపోతుంది, అంటే గాలి ఎక్కువై పెట్రోల్ తక్కువవుతుంది. దీంతో పాటు పీసీవీ గొట్టం (ఇంజిన్ లోపలి ఆవిరిని మళ్లీ ఇన్‌టేక్‌కి పంపేది), బ్రేక్ బూస్టర్ గొట్టం, మానిఫోల్డ్ గ్యాస్కెట్, వాడకుండా వదిలేసిన పైపుల చివర్లలో పెట్టే చిన్న రబ్బరు టోపీలు, అన్నీ చూడండి. రబ్బరూ గ్యాస్కెట్లూ చల్లగా ఉన్నప్పుడు బిగుసుకుపోయి సందు ఇస్తాయి, వేడికి కాస్త మెత్తబడి మూసుకుంటాయి, పొద్దున ఎక్కువ ఇబ్బందికి ఇదీ ఒక కారణం.

లీక్ వెతకడానికి చాలామంది కార్బ్ క్లీనర్ స్ప్రే కొడతారు, దయచేసి నడుస్తున్న ఇంజిన్ మీద ఆ పని చేయకండి, పక్కనే వేడి మానిఫోల్డ్, ప్లగ్ వైర్లు ఉంటాయి, అంటుకుంటుంది. గ్యాస్కెట్ అంచుల మీద, గొట్టాల కీళ్ల దగ్గర చిన్న స్ప్రే బాటిల్‌తో నీళ్లు కొంచెం కొంచెం కొడితే చాలు, సెన్సార్లు, ప్లగ్ వైర్లు, వైరింగ్ తడవకుండా. లీక్ ఉన్నచోట ఒక్క క్షణం శబ్దం మారుతుంది. అన్నిటికంటే మంచిది స్మోక్ టెస్ట్, ఇన్‌టేక్‌లోకి పొగ పంపిస్తే ఎక్కడ చిల్లుంటే అక్కడ బయటికొస్తుంది.

స్కానర్ ఉంటే ఇంకో మంచి క్లూ ఉంది. ఫ్యూయల్ ట్రిమ్ అని ఉంటుంది, ఈసీయూ తన లెక్క మీద ఎంత శాతం కలుపుతోందో తీసేస్తోందో చెప్పేది. వేడెక్కాక స్లోలో (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు) షార్ట్, లాంగ్ (అప్పటికప్పుడు చేసే సవరణ, గుర్తుపెట్టుకున్న సవరణ) రెండూ కలిపి చూస్తే 5 లోపు ఉంటే మామూలే. స్లోలో ప్లస్ 18 చూపించి, 2,500 ఆర్‌పీఎంకి రేస్ చేస్తే ప్లస్ 4కి దిగిందంటే అది గాలి లీకే, ఎందుకంటే ఎక్కువ గాలి వెళ్తున్నప్పుడు ఆ చిన్న చిల్లు లెక్కలోకి రాదు. స్లోలో బాగుండి రేస్ చేసేకొద్దీ ప్లస్ పెరుగుతుంటే అప్పుడు ఫ్యూయల్ ప్రెషర్, మురికి పట్టిన ఎయిర్‌ఫ్లో సెన్సార్ వైపు వెళ్లాలి, మీ పంప్ సంగతి కూడా ఇక్కడే తేలిపోతుంది. ఒక్క మాట, ఎయిర్‌ఫ్లో సెన్సార్ కాకుండా మ్యాప్ సెన్సార్ (మానిఫోల్డ్‌లో గాలి ప్రెషర్ కొలిచేది) ఉన్న బళ్లలో లీక్ ఇలా కనపడదు, అక్కడ లీన్ అవ్వడం కంటే స్లో స్పీడ్ పెరిగి దిగకుండా కూర్చోవడం ఎక్కువ చూస్తాం.

మూడోది థ్రోటల్ బాడీ, ఐడిల్ కంట్రోల్ వాల్వ్ (స్లోలో ఎంత గాలి వెళ్లాలో చూసేది). చల్లటి ఇంజిన్ 1,200 నుంచి 1,500 దాకా స్లోలో తిరిగి, వేడెక్కేకొద్దీ 750, 850 దగ్గరికి దిగాలి. మీది 600కి పడిపోతోందంటే అదనపు గాలి వెళ్లే దారి కార్బన్‌తో పూడుకుపోయి ఉండొచ్చు, క్లీన్ చేయించండి. బటర్‌ఫ్లై (థ్రోటల్ బాడీలో తెరుచుకునే రేకు) దగ్గర ఉండే స్టాప్ స్క్రూ మాత్రం తిప్పనివ్వకండి, ఫ్యాక్టరీలో పెట్టిన సెట్టింగ్ అది, ఒకసారి కదిలిస్తే మళ్లీ ఆ చోటికి తేవడం చాలా కష్టం.

చెక్ ఇంజిన్ లైట్ వెలగకపోవడం గురించి కంగారొద్దు. మిక్స్చర్ లీన్ అయిందని చెప్పే లోపం కోడ్ పీ0171 రావాలంటే ట్రిమ్ చాలా పైకి పోయి అక్కడే కొంతసేపు నిలబడాలి, మీ బండి ఇంకా ఆ గీత దాటలేదు. స్కానర్ తగిలించే ఓబీడీ సాకెట్ అమెరికాలో 1996 నుంచి, యూరప్‌లో పెట్రోల్ కార్లకి 2001 నుంచి తప్పనిసరి అయింది, అంతకు ముందు తయారైన మోడల్ అయితే మీకు స్కానర్ పట్టకపోవచ్చు, అప్పుడు మల్టీమీటర్, నీళ్ల స్ప్రే, మీ కళ్లే దిక్కు. అవి చాలు కూడా.

ప్రశ్న: అన్నా, మా నాన్న వాడిన కార్బురేటర్ బండి నా దగ్గరుంది. చోక్ లాగితే స్టార్ట్ అవుతుంది, చోక్ కాస్త లోపలికి నెట్టగానే ఊగుతుంది, తొక్కితే ఢమ్మని కార్బురేటర్‌లోంచి ఎదురు కొడుతుంది. జెట్లు (పెట్రోల్ వెళ్లే సన్నటి రంధ్రాలు) క్లీన్ చేశా. ఇంకేం చూడాలి?

జవాబు: తమ్ముడూ, నాన్న బండిని నడుపుకుంటున్నందుకు ముందు చాలా సంతోషం. కార్బురేటర్‌లోంచి ఎదురు కొట్టడం అంటే మిక్స్చర్ బాగా లీన్ అయిందని గట్టి గుర్తు. ఇంజిన్ ఆపి, ఎయిర్ ఫిల్టర్ విప్పి, టార్చ్‌తో గొంతులోకి చూస్తూ థ్రోటల్ లివర్‌ని చేత్తో గబుక్కున లాగు. లివర్ కదిలిన క్షణమే సన్నటి ధారగా పెట్రోల్ చిమ్మాలి. ధార లేటుగా వస్తే, చుక్కలుగా కారితే, అసలు రాకపోతే యాక్సిలరేటర్ పంప్ డయాఫ్రమ్ పోయింది, లేదా దాని లోపలి చిన్న బాల్ వాల్వ్ ఇరుక్కుంది. తొక్కగానే గాలి వెంటనే పెరుగుతుంది, పెట్రోల్ వెనకబడుతుంది, ఆ ఖాళీ పూడ్చడానికే ఆ పంప్ ఉంది, అది పని చేయకపోతే నువ్వు చెప్పిన ఢమ్మనే శబ్దమే వస్తుంది. ఇంజిన్ నడుస్తున్నప్పుడు మాత్రం ఫిల్టర్ విప్పి మొహం దగ్గర పెట్టకు, ఎదురు కొడితే మంట వస్తుంది.

పంప్ బాగుంటే కార్బురేటర్ కింద గ్యాస్కెట్, ఫ్లాంజ్ నట్లు చూడు. నట్లు లూజైనా, ఎక్కువ బిగించి ఫ్లాంజ్ వంగిపోయినా గాలి పీలుస్తుంది. థ్రోటల్ షాఫ్ట్‌ని పక్కలకి ఊపి చూడు, గలగలలాడుతుంటే అరిగిపోయింది, అక్కడినుంచి కూడా గాలే. డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకి కరెంట్ పంచేది) పక్కనుండే వ్యాక్యూమ్ అడ్వాన్స్ డబ్బా గొట్టం ఊడదీసి నోటితో పీల్చి నాలుకతో మూసి పట్టుకో, పీల్చినది అలాగే నిలిస్తే డయాఫ్రమ్ బాగున్నట్టు, గాలి వస్తూనే ఉంటే చిరిగినట్టు. డిస్ట్రిబ్యూటర్ లోపల పాయింట్లు (స్పార్క్ కోసం తెరుచుకుని మూసుకునే కాంటాక్టులు) ఉన్న బండైతే గ్యాప్ చూసుకో, చాలావాటికి 0.4 మిల్లీమీటర్ దగ్గర ఉంటుంది.

చాలామంది పట్టించుకోనిది ఇంకోటుంది. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద రేకు కవర్ నుంచి ఎయిర్ ఫిల్టర్ మూతికి వెచ్చటి గాలి తెచ్చే ముడతల గొట్టం ఒకటి ఉంటుంది, చలిలో ఇంజిన్‌కి వెచ్చటి గాలి ఇవ్వడానికి. ఏదో ఒక సర్వీసింగ్‌లో అది చిరిగితే పారేసి మళ్లీ పెట్టరు. పెట్రోల్ ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాగేసుకుంటుంది, గాలిలో తేమ ఎక్కువుంటే బయట గడ్డ కట్టేంత చలి లేకపోయినా కార్బురేటర్ గొంతులో మంచు పేరుకోవచ్చు. నీ బండికి ఆ గొట్టం ఉండాల్సిందేమో చూసి, లేకపోతే పెట్టించు.

ఇథనాల్ కలిపిన పెట్రోల్ వాడుతుంటే అది కూడా లెక్కలోకి తీసుకో. ఇథనాల్‌కి 1 కిలోకి 9 కిలోల గాలే చాలు, అంటే అదే జెట్‌తో మిక్స్చర్ లీన్ వైపు జరుగుతుంది, పైగా ఆవిరవ్వడానికి పెట్రోల్ కంటే రెండు రెట్లకు పైగా వేడి తీసుకుంటుంది. ఈసీయూ ఉంటే సర్దుకుంటుంది, కార్బురేటర్‌కి ఆ తెలివి లేదు. పాత రబ్బరు డయాఫ్రమ్‌లు కూడా దానికి త్వరగా పాడవుతాయి, కాబట్టి కిట్ కొనేటప్పుడు ఇథనాల్‌కి తట్టుకునే రకం అడుగు.

ప్రశ్న: నమస్తే అండి. మా కారు పొద్దున మొదటి నిమిషం మాత్రమే మూడు సిలిండర్ల మీద నడుస్తున్నట్టు కొట్టుకుంటుంది, వెనక తెల్లటి పొగ, తియ్యటి వాసన. తర్వాత బాగుంటుంది. కూలెంట్ కూడా తరచూ పోయాల్సి వస్తోంది. చలికే అనుకోవచ్చా?

జవాబు: అనుకోవద్దు అమ్మా, దీన్ని ఆలస్యం చేయకండి. చలికి వచ్చే ఆవిరి కాసేపట్లో చెదిరిపోతుంది, దానికి తియ్యటి వాసన ఉండదు. కూలెంట్ తగ్గుతోంది, ఒక సిలిండర్ మిస్సవుతోంది, తియ్యటి పొగ వస్తోంది, మూడూ కలిస్తే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాకుకీ పైన ఉండే హెడ్‌కీ మధ్య సీలు) దగ్గర సన్నటి లీక్ ఉన్నట్టే అనుకుని చూడాలి. బండి ఆపాక సిస్టమ్‌లో ఉన్న ప్రెషర్‌కి కూలెంట్ రాత్రంతా కొంచెం కొంచెం సిలిండర్‌లోకి దిగుతుంది, పొద్దున ఆ సిలిండర్ ప్లగ్ తడిసి ఉంటుంది, ఒక నిమిషంలో ఆరిపోయి మళ్లీ మండుతుంది. కూలింగ్ సిస్టమ్‌కి ప్రెషర్ టెస్టర్ పెట్టి రాత్రంతా వదిలేసి, పొద్దున ప్లగ్గులు విప్పి ఏది తడిగా ఉందో చూడమనండి, కూలెంట్‌లో ఎగ్జాస్ట్ గ్యాస్ ఉందేమో రంగు మారే ద్రవంతో చేసే టెస్ట్ కూడా ఉంది. అప్పటిదాకా లాంగ్ డ్రైవ్‌లు పెట్టుకోకండి. సిలిండర్‌లో ఎక్కువ నీరు చేరినప్పుడు సెల్ఫ్ కొడితే కనెక్టింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదం ఉంది.

ప్రశ్న: పెట్రోల్ ఫుల్ ట్యాంక్ కొట్టించిన తర్వాతే స్టార్టింగ్ ట్రబుల్, కాసేపు స్లో నిలబడదు. మిగతా రోజుల్లో ఓకే.

జవాబు: పర్జ్ వాల్వ్ చూడండి. ట్యాంక్‌లోని ఆవిరిని చార్‌కోల్ డబ్బాలో దాచి ఇంజిన్‌కి పంపే వాల్వ్ అది, తెరుచుకుని ఇరుక్కుపోతే ట్యాంక్ నింపినప్పుడు వచ్చిన ఆవిరంతా ఒక్కసారిగా ఇంజిన్‌లోకి వెళ్తుంది. కనెక్టర్ ఊడదీసి నోటితో ఊదితే గాలి పోకూడదు, పోతోందంటే వాల్వ్ మార్చడమే. ట్యాంక్ గన్ క్లిక్ అన్న తర్వాత ఇంకా నింపించే అలవాటుంటే మానేయండి, ఆ డబ్బాలోకి ద్రవ పెట్రోల్ వెళ్లి పాడవుతుంది.

ప్రశ్న: వాన పడ్డ మర్నాడే మిస్సింగ్. ఎండ ఉంటే అస్సలు రాదు.

జవాబు: ఇది కరెంట్ వైపు సమస్య. రాత్రి చీకట్లో బోనెట్ ఎత్తి, ఇంజిన్ నడుస్తుండగా ప్లగ్ వైర్ల మీద దూరం నుంచి మంచులా నీళ్లు స్ప్రే చేసి చూడండి, నీలంగా పాకే సన్నటి మెరుపులు కనపడితే వైర్లు మార్చాలి, చెయ్యి మాత్రం దగ్గరికి పోనివ్వద్దు, వేల వోల్టులు. డిస్ట్రిబ్యూటర్ ఉంటే క్యాప్ లోపల సన్నటి నల్ల గీత, పెన్సిల్‌తో గీసినట్టు, ఉందేమో చూడండి, కరెంట్ పక్కదారి పట్టేది దాని మీదుగానే. ఒక్కో ప్లగ్‌కి ఒక్కో కాయిల్ ఉన్న బండైతే ఇంకా ఈజీ, పీ0302 కోడ్ వస్తోందనుకుందాం, రెండో సిలిండర్ కాయిల్ తీసి మూడోదానికి పెట్టండి, కోడ్ పీ0303కి మారితే కాయిల్ దొంగ దొరికినట్టే, మారకపోతే ప్లగ్, ఇంజెక్టర్, కంప్రెషన్ చూడాలి. నడుస్తున్న ఇంజిన్‌కి ప్లగ్ వైర్ పీకి ఏ సిలిండర్ మిస్సో చూసే పాత పద్ధతి క్యాటలిటిక్ కన్వర్టర్ ఉన్న బళ్లకి వద్దు, మండని పెట్రోల్ పోయి కన్వర్టర్ కాలిపోతుంది. పీకాలంటే ఇంజెక్టర్ కనెక్టర్ పీకండి.

ప్రశ్న: లీకులు లేవు, సెన్సార్లు బాగున్నాయి, ప్లగ్గులు కొత్తవి, కంప్రెషన్ బాగుంది, అయినా చల్లగా ఉన్నప్పుడు తొక్కితే ఒక క్షణం పికప్ ఉండదు. పెట్రోల్‌లో కలిపే క్లీనర్ బాటిల్స్ పని చేస్తాయా?

జవాబు: మీరు ఇంత పద్ధతిగా చూసుకుంటూ వచ్చారు కాబట్టి మిగిలింది ఇన్‌టేక్ వాల్వుల మీది కార్బన్. పాత బళ్లలో వాల్వ్ వెనక భాగం మీద మందంగా పేరుకుని స్పాంజ్‌లా తయారవుతుంది, ఇంజెక్టర్ కొట్టిన పెట్రోల్ వాల్వు మీద పడగానే చల్లగా ఉన్నప్పుడు అది పీల్చేసుకుంటుంది, మీరు తొక్కిన ఆ క్షణానికి సిలిండర్‌కి చేరాల్సింది చేరదు. వేడెక్కాక అక్కడినుంచే ఆవిరైపోతుంది కాబట్టి తేడా తెలియదు. థ్రోటల్ బాడీ విప్పి పోర్టులోంచి చిన్న కెమెరా దూర్చి చూస్తే కళ్లకి కనపడుతుంది, నల్లగా, గరుకుగా, వాల్వ్ కాండం చుట్టూ కాలర్‌లా.

బాటిల్స్‌లో పాలీఈథర్ అమీన్ ఉన్నవి నిజంగా పని చేస్తాయి, లేబుల్ మీద ఆ పేరుందో లేదో చూసి కొనండి, చెప్పిన మోతాదే వేయండి, ఒకటి రెండు ట్యాంకులకి నెమ్మదిగా తేడా తెలుస్తుంది. అయితే ఇది పోర్టులో ఇంజెక్టర్ ఉన్న ఇంజిన్లకే. డైరెక్ట్ ఇంజెక్షన్ అయితే పెట్రోల్ నేరుగా సిలిండర్‌లో పడుతుంది, వాల్వు వెనక భాగాన్ని తాకదు, ట్యాంక్‌లో ఏం కలిపినా ఆ కార్బన్ కదలదు, మానిఫోల్డ్ విప్పి వాల్‌నట్ పెంకుల పొడిని గాలితో కొట్టి శుభ్రం చేయించడమే. కెమెరాతో చూడకుండా ఆ పని మాత్రం చేయించకండి.

ప్రశ్న: సీఎన్‌జీ మీద నడుపుతాను. పెట్రోల్ మీద స్టార్ట్ అయినప్పుడు ఘోరంగా ఊగుతుంది, గ్యాస్‌కి మారగానే నున్నగా ఉంటుంది.

జవాబు: మీరే జవాబు చెప్పేశారు, ప్లగ్గులూ కంప్రెషనూ బాగున్నాయి కాబట్టే గ్యాస్ మీద నున్నగా ఉంది. ఎక్కువ కాలం పెట్రోల్ వాడకపోతే ఇంజెక్టర్ల మూతుల దగ్గర జిగురు కట్టేస్తుంది, ట్యాంక్‌లో నెలల తరబడి ఉన్న పెట్రోల్ నుంచి తేలిగ్గా ఆవిరయ్యే భాగం పోతుంది, చల్లటి ఇంజిన్‌కి కావాల్సింది సరిగ్గా ఆ భాగమే. పాత పెట్రోల్ తీసేసి కొత్తది పోయించండి, అప్పుడప్పుడూ కాస్త దూరం పూర్తిగా పెట్రోల్ మీదే నడపండి, అప్పటికీ తగ్గకపోతే ఇంజెక్టర్లు విప్పి క్లీన్ చేయించి ఫ్లో టెస్ట్ చేయించండి.

ప్రశ్న: ఆర్‌పీఎం ముల్లు కదలకుండా నిలబడే ఉంటుంది, కానీ స్టీరింగ్, సీటు వణుకుతాయి.

జవాబు: ముల్లు స్థిరంగా ఉండి, స్కానర్‌లో మిస్‌ఫైర్ ఏదీ లేదంటే ముందు ఇంజిన్ మౌంటింగులు చూడండి. రబ్బరు చిరిగి ఇనుముకి ఇనుము తగులుతుంటే నున్నగా తిరిగే ఇంజిన్ కూడా వణికినట్టే ఉంటుంది. ఒకరు బ్రేక్ గట్టిగా తొక్కి పట్టుకుని ఫస్ట్ గేర్‌లో క్లచ్ కొంచెం వదులుతుంటే, ఇంకొకరు పక్కన నిలబడి, బండి ఎదురుగా మాత్రం కాదు, ఇంజిన్ ఎంత ఎగురుతోందో చూడాలి.

ప్రశ్న: పొద్దున ఎంతసేపు వేడి చేసి కదలాలి? మా ఇంట్లో పావుగంట స్లోలో పెడతారు.

జవాబు: ఇంజెక్షన్ బండికి అర నిమిషం, మరీ చలైతే ఒక నిమిషం చాలు, తర్వాత మెల్లగా నడుపుతూ వేడెక్కనివ్వాలి. స్లోలో ఇంజిన్ చాలా నిదానంగా వేడెక్కుతుంది, అంతసేపూ ఎక్కువ పెట్రోల్ పడుతూ సిలిండర్ గోడల మీది ఆయిల్‌ని కడిగేస్తుంది, కొంత కిందకి దిగి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. కార్బురేటర్ బండికి చోక్ తీసినా నిలబడేదాకా ఇంకాస్త టైమ్ ఇవ్వండి. మూసిన షెడ్డులో మాత్రం ఒక్క నిమిషం కూడా వద్దు, తలుపు సగం తెరిచినా వద్దు, చల్లటి ఇంజిన్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ చాలా ఎక్కువ ఉంటుంది, వాసన రాదు, ప్రాణం తీస్తుంది. చాలా దూరం నడిపినా మీటర్ ముల్లు మధ్యకి రావట్లేదంటే థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయింది, అది మార్పిస్తే మైలేజీ కూడా మెరుగవుతుంది.

ప్రశ్న: సార్, గ్యారేజీకి తీసుకెళ్లేసరికి బండి వేడెక్కి బాగుంటుంది. మెకానిక్ "ఏం లేదు, మీ భ్రమ" అంటున్నారు. ఏం చేయను?

జవాబు: మీ భ్రమ కాదండి, చల్లటి ఇంజిన్ జబ్బు వేడి ఇంజిన్‌లో కనపడదు, అంతే. ముందు రోజు సాయంత్రమే బండి అక్కడ వదిలేసి, మర్నాడు పొద్దున ఎవరూ స్టార్ట్ చేయకముందు మీరు వెళ్లండి. మొదటి స్టార్ట్ మీ ముందే జరగాలి, స్కానర్ అంతకు ముందే పెట్టి ఉండాలి. అది కుదరకపోతే ఇంటి దగ్గర ఫోన్‌లో వీడియో తీయండి, ఆర్‌పీఎం మీటర్, టెంపరేచర్ ముల్లు రెండూ ఒకే ఫ్రేములో ఉండేలా, సెల్ఫ్ కొట్టిన దగ్గర్నుంచి బాగయ్యేదాకా ఆపకుండా. తర్వాత వెనక్కి వెళ్లి పొగ రంగు కూడా తీయండి, నల్లగా ఉంటే పెట్రోల్ ఎక్కువైంది, నీలంగా ఉంటే ఆయిల్ కాలుతోంది.

ఒక కాగితం మీద నాలుగు విషయాలు రాసి ఇవ్వండి: ఎన్ని గంటలు ఆగి ఉన్నాక వస్తోంది, ఊరికే స్లోలోనా లేక తొక్కినప్పుడా, ఏసీ వేస్తే ఎక్కువవుతోందా, ఈ మధ్య ఏ పని చేయించారు. చివరిది మర్చిపోవద్దు, ఎయిర్ ఫిల్టర్ మార్చిన మర్నాటి నుంచే మొదలైందంటే ఏ గొట్టం పెట్టడం మర్చిపోయారో అక్కడే వెతకొచ్చు.